వార్‌బ్యాండ్ ఫాంటసీ మాడ్‌లు: ఏది మనకు సరిపోతుందో పోల్చి తేల్చుకునే పద్ధతి

"అన్నా, పెండార్ బాగుంటుందా, లాస్ట్ డేస్ బాగుంటుందా?" కావలి నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేసిన ప్రతిసారీ ఇదే అడుగుతాడు. ఈ రెండూ మౌంట్ అండ్ బ్లేడ్ వార్‌బ్యాండ్ అనే యుద్ధాల కంప్యూటర్ ఆటకు మాడ్‌లు, అంటే ఆ ఆటనే మార్చి కొత్త లోకం, కొత్త సైన్యాలు పెట్టి అభిమానులు చేసినవి. ఒంగోలులో నాతో కలిసి ఆడే పిల్లలు అడిగేదీ ఇదే. ఒక్క మాటలో ఏదో ఒక పేరు చెప్పేస్తే అది నా ఇష్టం అవుతుంది, వాళ్లకు పనికొచ్చే జవాబు కాదు. అందుకే పోల్చే పద్ధతినే పూర్తిగా రాసి పెడుతున్నాను.

మా వైపు ఎద్దుల బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. ఒక విభాగంలో దిగిన జతలన్నిటికీ అదే బండ, అదే బరి, అదే సమయం. చివరికి ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. రెండు పళ్ల గిత్తలను సీనియర్ జతతో పోటీకి దించరు. మాడ్‌లను కూడా ఇలాగే పోల్చాలి. ఒక మాడ్‌ను వీడియోలో చూసి, ఇంకోదాన్ని గంటసేపు ఆడి, మూడోదాన్ని ఫ్రెండ్ చెప్పగా విని తీర్పు చెబితే అది పోలిక అనిపించుకోదు.

1. ముందు తరగతులు విడదీయండి

మౌంట్ అండ్ బ్లేడ్ వార్‌బ్యాండ్ మాడ్‌ను, దాని తర్వాత వచ్చిన బ్యానర్‌లార్డ్ ఆట మాడ్‌తో పోల్చకండి. ఇంజిన్ వేరు, కంప్యూటర్ మీద పడే బరువు వేరు. ఇక్కడ చెప్పేదంతా వార్‌బ్యాండ్ గురించే. బ్యానర్‌లార్డ్ ఆడేవాళ్లకు చివర్లో విడిగా చెబుతాను.

వార్‌బ్యాండ్‌లోనూ ఫాంటసీ మాడ్‌లన్నీ ఒకే రకం కాదు. నేను మూడు గుంపులుగా చూస్తాను.

- సొంతంగా లోకాన్ని అల్లుకున్నవి: ప్రాఫెసీ ఆఫ్ పెండార్, పెరిస్నో.
- అప్పటికే పేరున్న కల్పిత లోకాన్ని ఆటలోకి తెచ్చినవి: మిడిల్ ఎర్త్‌లో నడిచే ద లాస్ట్ డేస్, వార్‌హామర్ లోకంలో నడిచే వార్‌స్వర్డ్ కాంక్వెస్ట్.
- అసలు ఆటలోని కాల్రేడియాలోకే మాయనూ కొత్త జాతులనూ దింపినవి: ఫాంటసీ కాల్రేడియా.

ఒక విడతలో మూడింటికి మించి తీసుకోకండి. నాలుగోదానికి వచ్చేసరికి మొదటిదాని రుచి మరిచిపోతాం. మూడింటిలో ఒకటి మాత్రం అసలు ఆట, అంటే నేటివ్, అయి ఉండాలి. కొలబద్ద అదే. నేటివ్‌లో ఒక బందిపోటు ఎన్ని దెబ్బలకు పడతాడో తెలియకపోతే, మాడ్‌లో యుద్ధం మెరుగైందో చెడిందో చెప్పలేం.

2. కంప్యూటర్‌ను సిద్ధం చేసుకోవడం

ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. ఈ భాగానికి ఒక పూట కేటాయించండి.

2.1 శుభ్రమైన ఆట

ఇప్పటికే పాత మాడ్‌లు కలిసిపోయిన ఆట మీద పరీక్ష మొదలుపెట్టకండి. ఆటను తీసేసి మళ్లీ వేసుకోండి. తర్వాత ఒకసారి నేటివ్ తెరిచి, కొత్త పాత్రతో ఊళ్లోకి వెళ్లి బయటికి రండి. ఏ ఎర్రర్ రాకపోతే ఆ మొత్తం ఫోల్డర్‌ను వేరేచోట కాపీ చేసి దాచుకోండి. రేపు ఏది చెడిపోయినా ఆ కాపీతో పది నిమిషాల్లో మళ్లీ మొదటికి రావచ్చు.

లాంచర్‌లో, అంటే ఆట తెరిచే ముందు వచ్చే చిన్న కిటికీలో, ఆట వెర్షన్ కనిపిస్తుంది, రాసి పెట్టుకోండి. మాడ్ పేజీలో అది ఏ వెర్షన్ కోసం చేశారో చదవండి. రెండూ పొసగకపోతే ఆ మాడ్ తప్పేమీ లేకుండానే క్రాష్ అవుతుంది, మనం దానికి చెడ్డపేరు పెడతాం.

2.2 డౌన్‌లోడ్

మాడ్‌ను తయారుచేసినవాళ్లు పెట్టిన పేజీ నుంచే దింపుకోండి. మాడ్ డీబీ, నెక్సస్ మాడ్స్, స్టీమ్ వర్క్‌షాప్, ఈ మూడు వెబ్‌సైట్లలో ఏదో ఒకదాంట్లో దాదాపు అన్నీ దొరుకుతాయి. నేను మొదట్లో ఒక ఇంటర్నెట్ సెంటర్ నుంచి పెన్‌డ్రైవ్‌లో మాడ్ తెచ్చుకున్నాను. దాంతోపాటు వైరస్ కూడా వచ్చి, రెండు నెలలుగా పెంచుకున్న సేవ్‌లన్నీ పోయాయి. ఆ బాధ ఇంకెవరికీ వద్దు.

పెద్ద మాడ్‌లు జీబీల్లో ఉంటాయి. మొబైల్ హాట్‌స్పాట్‌తో దింపేవాళ్లు రోజువారీ డేటా ముగిసేలోపు పూర్తవుతుందో లేదో ముందే లెక్క చూసుకోండి. మధ్యలో తెగిన జిప్ ఫైల్ కొన్నిసార్లు తెరుచుకుంటుంది కూడా. అందులో సగం టెక్స్‌చర్లు (వస్తువుల మీద కనిపించే రంగుల బొమ్మలు) ఉండవు, ఆ సంగతి ఆటలోకి వెళ్లాక గానీ తెలియదు. దింపాక ఫైల్ సైజు పేజీలో ఉన్నదానితో సరిపోయిందో చూడండి.

2.3 ఫోల్డర్‌లో పెట్టడం

వార్‌బ్యాండ్ ఫోల్డర్‌లో మాడ్యూల్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. ప్రతి మాడ్ అందులో తన పేరుతో విడి ఫోల్డర్‌గా ఉండాలి. నేటివ్ ఫోల్డర్‌లో ఏదీ కలపకండి, ఏదీ మార్చకండి.

జిప్ విప్పినప్పుడు చాలాసార్లు ఫోల్డర్‌లో ఫోల్డర్ వస్తుంది. మాడ్ పేరున్న ఫోల్డర్ తెరవగానే మాడ్యూల్ డాట్ ఐఎన్‌ఐ ఫైల్ కనిపించాలి. అది కనిపించకుండా అదే పేరుతో మరో ఫోల్డర్ కనిపిస్తే, లోపలిదాన్ని ఒక మెట్టు పైకి తీసుకురండి. నన్ను సాయం అడిగినవాళ్లలో ఎక్కువమంది ఆగిపోయింది ఈ ఒక్కచోటే.

మాడ్ ఫోల్డర్ పేరు మధ్యలో మార్చకండి. సేవ్‌లు డాక్యుమెంట్స్‌లోని వార్‌బ్యాండ్ సేవ్‌గేమ్స్ ఫోల్డర్‌లో మాడ్ పేరు మీదే దాచబడతాయి. పేరు మారితే సేవ్‌లు పోయినట్టు కనిపిస్తాయి. పాత పేరు తిరిగి పెడితే మళ్లీ కనిపిస్తాయి.

మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి:

- నేటివ్ ఎర్రర్ లేకుండా తెరుచుకుంటోంది
- శుభ్రమైన కాపీ వేరేచోట ఉంది
- మాడ్, ఆట వెర్షన్‌లు రాసుకున్నాం
- ఒక్కో మాడ్ విడి ఫోల్డర్‌లో ఉంది
- సబ్‌మాడ్‌లు ఏవీ వేయలేదు
- ఆట భాష ఇంగ్లిష్‌లో ఉంది

చివరి రెండింటి గురించి ఒక మాట. సబ్‌మాడ్ అంటే మాడ్ మీద మళ్లీ ఎవరో వేసిన అతుకు. ఒకదానికి సబ్‌మాడ్ వేసి ఇంకోదానికి వేయకపోతే పోలిక అక్కడే చెడిపోయింది. ఇక మాడ్‌లు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే రాస్తారు కాబట్టి ఆటను వేరే భాషలో పెడితే కొన్నిచోట్ల మాటలు సరిగా రావు.

2.4 వేడి, కరెంటు

ఈ సంగతి వేరే ఎవరూ రాయరు గానీ మన జిల్లాల్లో ఇది పెద్ద విషయం. రోహిణీ కార్తెలో మధ్యాహ్నం రెండింటికి ల్యాప్‌టాప్ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. వేడెక్కిన ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక మాడ్, మధ్యాహ్నం ఇంకో మాడ్ ఆడి, "రెండోది చాలా బరువన్నా, ఎఫ్‌పీఎస్ పడిపోతోంది" అని మావాడు చెబితే నేను నమ్మేశాను. ఎఫ్‌పీఎస్ అంటే తెర మీద సెకనుకు ఎన్ని బొమ్మలు మారుతున్నాయన్న లెక్క, అది పడిపోతే ఆట తడబడుతుంది. మర్నాడు రెండూ పొద్దున్నే ఆడించాం. తేడా దాదాపు లేదు.

కాబట్టి అన్ని మాడ్‌లనూ ఒకే వేళలో ఆడండి. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టకండి. ఛార్జర్ పెట్టి ఆడితే అన్నిటికీ పెట్టే ఆడండి, బ్యాటరీ మీద వేగం వేరుగా ఉంటుంది.

డెస్క్‌టాప్ వాడుతూ యూపీఎస్ లేనివాళ్లు రెండు స్లాట్‌లలో మార్చి మార్చి సేవ్ చేయండి. సేవ్ అవుతున్న క్షణంలోనే కరెంటు పోతే ఆ ఫైల్ పాడవుతుంది, రెండోది మిగులుతుంది. తుపాను రోజుల్లో అయితే పరీక్ష మానుకోవడమే మేలు.

3. సెట్టింగ్‌లు అన్నిట్లో ఒక్కటే

మాడ్ మారినప్పుడు ఆట అడిగే ఎంపికలు కూడా మారవచ్చు. అందుకే కాగితం మీద రాసుకుని ప్రతి మాడ్‌లోనూ అవే పెట్టండి. నేను వాడేవి ఇవి.

- మనకు తగిలే దెబ్బ: నార్మల్. మనవాళ్లకు తగిలే దెబ్బ: నార్మల్.
- కంబాట్ ఏఐ (పోరులో శత్రువు తెలివి), క్యాంపెయిన్ ఏఐ (మ్యాప్ మీద రాజ్యాల తెలివి): గుడ్.
- బ్యాటిల్ సైజ్ (ఒకేసారి యుద్ధంలో కనిపించే మనుషుల సంఖ్య): 100. పాత కంప్యూటర్ అయితే 70. ఎంత పెట్టినా అన్నిట్లో అదే.
- బ్లాక్ దిశ: మౌస్ కదలికతో. ఆటోమేటిక్ పెడితే మాడ్‌లో శత్రువు ఎంత తెలివిగా కొడుతున్నాడో తెలియదు.
- సేవ్ పద్ధతి: సేవ్ చేయకుండా కూడా బయటికి రాగలిగేది. సేవ్ చేయకుండా బయటికి రానివ్వని రియలిస్టిక్ మోడ్ పరీక్షకు పనికిరాదు.

గ్రాఫిక్స్‌లో లోడ్ టెక్స్‌చర్స్ ఆన్ డిమాండ్ ఆన్ చేసి ఉంచండి. స్టీమ్‌లో ఎఫ్‌పీఎస్ చూపించే సదుపాయం ఉంది, దాన్ని కూడా ఆన్ చేసుకోండి.

4. ఒకే పాత్ర

పేరు, వృత్తి, నైపుణ్యాలు అన్నీ ఒకేలా ఉండాలి. ఒక మాడ్‌లో గుర్రపు ఈటెగాడు, ఇంకోదాంట్లో విలుకాడు అయితే మీరు పోల్చింది మాడ్‌లను కాదు, పాత్రలను.

నేను ఎప్పుడూ ఒంటిచేతి కత్తి, డాలు, ఓ మాదిరి గుర్రం ఉన్నవాడిని తీసుకుంటాను. ఇలాంటివాడికి దగ్గరి పోరు, గుర్రపు పోరు రెండూ ఎదురవుతాయి. లెవెల్ పెరిగినప్పుడు పాయింట్లు ఏ వరుసలో వేయాలో కూడా ముందే రాసుకోండి.

జాతి ఎంచుకోమని అడిగే మాడ్‌లో మొదటి విడత మనిషినే తీసుకోండి. ఎల్ఫ్, డ్వార్ఫ్, ఆర్క్ అన్నవి రెండో విడతకు. లాస్ట్ డేస్‌లో జాతిని బట్టి ఎక్కే జంతువు కూడా మారుతుంది, ఆర్కులు వార్గ్‌ల (తోడేళ్లలాంటి పెద్ద జంతువులు) మీద వెళతారు. అది బాగుంటుంది, కానీ నేటివ్‌తో పక్కపక్కన పెట్టి కొలవడానికి వీలవదు.

5. ముప్పై రోజుల పరీక్ష

ఆట లోపలి క్యాలెండర్‌లో ముప్పై రోజులు. ఒక్కో మాడ్‌కు నాకు ఐదారు గంటలు పడుతుంది.

మొదటి వారం ఊళ్లు తిరిగి సైనికులను చేర్చుకోండి, చిన్న బందిపోటు ముఠాలతో ఐదు పోరాటాలు చేయండి. ప్రతి పోరాటం తర్వాత మూడు అంకెలు రాయండి: ఎంతమంది శత్రువులు, మనవాళ్లు ఎంతమంది పోయారు, ఎన్ని నిమిషాలు పట్టింది.

రెండో వారం డబ్బు. ఒక టోర్నమెంట్, రెండు ఊళ్ల మధ్య సరుకు బేరం, ఒక లార్డ్ ఇచ్చిన పని. వారానికి ఒకసారి జీతాలు పోతాయి కదా, ఆ బడ్జెట్ రిపోర్ట్ వచ్చినప్పుడు చేతిలో ఎన్ని దినార్లు మిగిలాయో రాసుకోండి. మాడ్ తయారీదారు పోరాటం మీద ఎంత శ్రద్ధ పెట్టినా, డబ్బు లెక్క తప్పితే ఇరవై గంటలు గడిచాక ఆట చప్పగా అయిపోతుంది. ఈ రెండో వారాన్ని దాటేసినవాళ్లందరూ తర్వాత ఇదే ఫిర్యాదు చేశారు.

మిగిలిన రోజులు మీ ఇష్టం వచ్చినట్టు ఆడండి. నిజంగా, ఏ ప్రణాళికా లేకుండా. ఆ సమయంలో మీకు ఏం చేయాలనిపించిందో ఒక వాక్యం రాయండి. మ్యాప్ అంచుల వరకు వెళ్లి చూడాలనిపించిందా, కోట కావాలనిపించిందా, ఊరికే కూర్చున్నారా? అంకెలకు అందనిది ఇక్కడే తెలుస్తుంది.

5.1 ముప్పై రోజులు సరిపోనివి

ఈ నియమాన్ని రెండు మాడ్‌ల దగ్గర సడలించాలి.

లాస్ట్ డేస్‌లో అసలు యుద్ధం మొదటి రోజే మొదలవదు. మన పాత్ర కొంత లెవెల్ చేరాకే మొదలవుతుంది. అంతకుముందే ఆపేస్తే "ఏమీ జరగడం లేదు" అనిపిస్తుంది. యుద్ధం మొదలైన రోజు నుంచి ఇంకో పదిహేను రోజులు ఆడండి.

పెండార్‌లో మొదటి నెల ఎక్కువభాగం పరుగే. జాటు గుర్రపు దండులు, మిస్ట్‌మౌంటెన్ తెగలవాళ్లు మనకన్నా చాలా పెద్ద గుంపులుగా తిరుగుతుంటారు. అది ఆ మాడ్ స్వభావం, లోపం కాదు. సార్లియాన్ రాజ్యం వైపు మొదలుపెట్టి, ఇంకో ముప్పై రోజులు ఇవ్వండి.

6. సైనికులను కొలవడం

మన చేతివాటం కలవకుండా సైనికుల బలం తెలియాలి. అందుకు ఇలా చేయండి.

6.1 ఒకే మెట్టు సైనికులను ఇరవైమందిని సిద్ధం చేయండి. మెట్లు మాడ్‌ను బట్టి మారతాయి కాబట్టి పేరు కాకుండా లెవెల్ చూడండి.

6.2 దాదాపు అంతే సంఖ్యలో ఉన్న బందిపోట్ల మీదికి వెళ్లే ముందు సేవ్ చేయండి.

6.3 యుద్ధంలోకి దిగాక ఎఫ్1, ఎఫ్3 నొక్కి దాడి ఆజ్ఞ ఇచ్చి, మీరు వెనక్కి వెళ్లి నిలబడండి. కత్తి తీయకండి.

6.4 ఎంతమంది మిగిలారో రాసి, సేవ్ తెరిచి మళ్లీ చేయండి. ఐదుసార్లు. ఒక్కసారి చేస్తే అదృష్టం కూడా అందులో కలిసిపోతుంది.

"మీరు వెనక ఉండండి, సైనికులు దాడి చేస్తారు" అనే మెనూ దారి సులువుగా కనిపిస్తుంది. దాన్ని ఈ పరీక్షకు వాడకండి. అక్కడ ఆట నిజంగా పోరాడించదు, ప్రధానంగా సైనికుల లెవెల్‌ను బట్టి లెక్క వేస్తుంది. మాడ్‌లో కొత్తగా చేసిన కవచం, కత్తి, విల్లు ఏవీ ఆ లెక్కలో కనిపించవు. మాడ్ గొప్పతనమంతా వాటిలోనే ఉంటే మీరు చూసిందేమిటి?

ఇంకో చిన్న పరీక్ష. ఒకే బలమున్న కత్తితో భారీ కవచం వేసుకున్నవాడిని ఎన్ని దెబ్బలకు పడగొట్టగలరో లెక్కపెట్టండి, తర్వాత గదలాంటి మొద్దు ఆయుధంతో. నేటివ్‌లో భారీ కవచం మీద కోత దెబ్బ తేలిపోతుంది, పోటు దెబ్బా మొద్దు దెబ్బా బాగా పనిచేస్తాయి. మొద్దు దెబ్బకు శత్రువు చావడు, స్పృహ తప్పుతాడు, ఖైదీగా దొరుకుతాడు. ఫాంటసీ మాడ్‌లలో కవచాల అంకెలు పెంచడం మామూలే. కోత, మొద్దు దెబ్బల తేడా మరీ ఎక్కువైతే కత్తి పట్టినవాడికి ఆ మాడ్‌లో చోటు లేనట్టే.

7. మాయనూ వింత జాతులనూ అంచనా కట్టడం

వార్‌బ్యాండ్ ఇంజిన్‌లో మాయ అనేది పుట్టుకతో లేదు. మాడ్ చేసినవాళ్లు విసిరే ఆయుధాలనో బాణాలనో ఆధారం చేసుకుని, స్క్రిప్ట్‌లతో దాన్ని కట్టుకొస్తారు. వార్గ్‌లాంటి వాహనం కూడా గుర్రం ఉండాల్సిన స్థానంలోకే వస్తుంది. ఈ సంగతి తెలిస్తే ఆశలు సరైన ఎత్తులో ఉంటాయి. మాయ ఉందా అని కాదు, ఉన్న మాయ పోరాటాన్ని ఏం చేసిందని చూడండి.

నేను వేసుకునే ప్రశ్నలు:

- శత్రువులు కూడా మాయ వాడుతున్నారా, లేక మన ఒక్కరికేనా?
- ఒక్క మంత్రానికి పదిమంది పడిపోతే డాలు, వ్యూహం అవసరం మిగిలిందా?
- మంత్రం వేసినప్పుడు ఎఫ్‌పీఎస్ ఎంత పడింది?
- పెద్ద శరీరం ఉన్న జీవిని గోడల దగ్గర, నిచ్చెన మీద చూశారా? ఇరుక్కుపోతోందా?

నాలుగోది తప్పకుండా చూడండి. మైదానంలో ట్రోల్ (భారీ రాక్షసజీవి) అద్భుతంగా ఉంటుంది. కోట ముట్టడిలో ఒక్క నిచ్చెన దగ్గర అదే ట్రోల్ దారి మూసేస్తే మన సైన్యమంతా కింద నిలబడి బాణాలు తింటుంది.

8. ఆట ముదిరాక ఎలా ఉంటుందో ముందే చూడటం

అన్ని మాడ్‌లనూ చివరిదాకా ఆడే తీరిక ఎవరికీ ఉండదు. అందుకు విడిగా ఒక సేవ్ పెట్టుకుని చీట్‌లు వాడండి. లాంచర్ కాన్ఫిగర్‌లో చీట్స్ ఆన్ చేస్తే, ఇన్వెంటరీలో కంట్రోల్ ఎక్స్ నొక్కినప్పుడు డబ్బు, పాత్ర పేజీలో నొక్కినప్పుడు అనుభవం పెరుగుతాయి. మ్యాప్ మీద కంట్రోల్ టీ నొక్కితే అందరూ ఎక్కడున్నారో కనిపిస్తారు. కొన్ని మాడ్‌లలో చీట్‌లను ఆపేస్తారు, అక్కడ ఈ భాగం వదిలేయండి.

పెద్ద సైన్యం కట్టి ఒక కోట ముట్టడి, ఒక భారీ మైదాన యుద్ధం చేయండి. క్రాష్‌లు ఎక్కువగా బయటపడేది ఇక్కడే. అసలు సేవ్‌లో మాత్రం చీట్ ముట్టుకోవద్దు.

9. నోట్‌బుక్

ఫోన్‌లో కాదు, కాగితం మీద. ఆట మధ్యలో ఫోన్ తీస్తే పరీక్ష మాటే మరిచిపోతాం. ప్రతి మాడ్‌కు ఒక పేజీ, పైన తేదీ, వేళ, వెర్షన్. కింద ఈ వరుసలు చాలు:

- క్రాష్‌లు ఎన్ని, ఎక్కడ
- పెద్ద యుద్ధంలో కనిష్ఠ ఎఫ్‌పీఎస్
- ఐదు పోరాటాల అంకెలు
- రెండో వారం చివర చేతిలో డబ్బు
- ఇరవైమంది పరీక్షలో సగటున మిగిలినవాళ్లు
- మాయ, జాతుల మీద రెండు వాక్యాలు
- చివరి రోజుల్లో ఏం చేయాలనిపించింది

మార్కులన్నీ కూడి ఒక్క అంకె చేయకండి. క్రాష్‌లు ఎక్కువున్న మాడ్‌కు అందంలో పదికి పది వస్తే కూడికలో అది గెలిచేస్తుంది. ముందు క్రాష్‌ల వరుస చూడండి. గంటకు ఒకటి కన్నా ఎక్కువైతే, సరిదిద్దే ప్రయత్నం చేసి కూడా తగ్గకపోతే, ఆ మాడ్‌ను పక్కన పెట్టండి. మిగిలినవాటిలో చివరి వరుస చదవండి. నేను తీర్పు చెప్పేది ఆ వాక్యాన్ని బట్టే.

ఇంకో జాగ్రత్త. ఆడేకొద్దీ మన చెయ్యి తిరుగుతుంది కాబట్టి చివర ఆడిన మాడ్ సులువుగా అనిపిస్తుంది. మూడూ అయ్యాక మొదటిదాన్ని మళ్లీ పది రోజులు ఆడి అంకెలు సరిచూడండి. ఇద్దరు అన్నదమ్ములు కలిసి పరీక్షిస్తుంటే చెరొక మాడ్ పంచుకోవద్దు. ఇద్దరూ అన్నీ ఆడాలి.

10. ఈ పద్ధతిలో నాకు తేలింది

నా నోట్‌బుక్ నుంచి క్లుప్తంగా. మీ పేజీల్లో వేరుగా రావచ్చు.

ప్రాఫెసీ ఆఫ్ పెండార్: ఓపిక ఉన్నవాళ్లకు ఇంతకన్నా మంచిది నేను చూడలేదు. కష్టపడి ఒక పెద్ద శత్రునాయకుడిని ఓడిస్తే దొరికే క్వాలిస్ రత్నం, తర్వాత మనమే కట్టుకోగల వీరుల సంఘం, ఇలా ప్రతి మెట్టుకూ కారణం ఉంటుంది. నోల్డార్ అనే ఎల్ఫ్ జాతి విలుకాళ్ల ముందు మొదటిసారి నిలబడ్డప్పుడు నా సైన్యం నిమిషంలో కరిగిపోయింది. ఆ ఓటమి తర్వాతే ఆటను గౌరవించడం నేర్చుకున్నాను.

ద లాస్ట్ డేస్: రాజ్యం ఏలాలనుకునేవాళ్లు దీన్ని ఎంచుకోకండి. ఇక్కడ మనం ఒక పక్షాన నిలిచి పోరాడే యోధులం. డబ్బు బదులు ఒక్కో పక్షం దగ్గర మనకున్న వనరులు, పలుకుబడి లెక్కకు వస్తాయి. అందుకే రెండో వారం డబ్బు పరీక్షను దీనికి వర్తింపజేయలేదు. గెలిచిన కొద్దీ శత్రుపక్షం బలం తరిగిపోతూ చివరికి పక్షమే తుడిచిపెట్టుకుపోతుంది. మనం చేసిన పని మ్యాప్ మీద కనిపిస్తుంది.

ఫాంటసీ కాల్రేడియా: మంత్రం మన చేతికి రావాలి అనుకునేవాళ్లకు ఇది. పాత కాల్రేడియానే కాబట్టి నేటివ్ ఆడినవాళ్లు వెంటనే కుదురుకుంటారు. మొదటి ఫాంటసీ మాడ్‌గా నేను మా పిన్ని కొడుక్కి ఇచ్చింది ఇదే.

పెరిస్నో చాలా పెద్దది, ఎల్ఫ్‌లు, మరుగుజ్జులు, రాక్షసకాయులు అందరూ ఉన్నారు. నా పాత ల్యాప్‌టాప్‌లో పెద్ద ముట్టడి దగ్గర బరువైంది. మంచి కంప్యూటర్ ఉన్నవాళ్లు తప్పకుండా పరీక్షకు పెట్టండి. వార్‌స్వర్డ్ కాంక్వెస్ట్‌లో సైన్యాల వైవిధ్యం గొప్పగా ఉంటుంది, తుపాకులు, ఎలుక మనుషులు కూడా వస్తారు. కత్తిపోరు ఇష్టపడే నాకు అంతగా ఎక్కలేదు.

11. తరచూ వచ్చే చిక్కులు, సరిదిద్దే దారి

లాంచర్‌లో మాడ్ కనిపించదు, లేదా తెరవగానే ఎర్రర్: ఫోల్డర్‌లో ఫోల్డర్ ఉందేమో చూడండి.

లోడింగ్ సగంలో ఆగి ఆర్‌జీఎల్ ఎర్రర్ వస్తుంది: చాలాసార్లు మెమరీ చాలకే ఇలా అవుతుంది. వార్‌బ్యాండ్ 32 బిట్ ప్రోగ్రామ్ కాబట్టి కంప్యూటర్‌లో 16 జీబీ ర్యామ్ ఉన్నా మొత్తం వాడుకోలేదు. లోడ్ టెక్స్‌చర్స్ ఆన్ డిమాండ్ ఆన్ చేసి, టెక్స్‌చర్ నాణ్యత కొంచెం తగ్గించండి. అప్పటికీ ఆగితే ఆట ఫోల్డర్‌లోని ఆర్‌జీఎల్ లాగ్ ఫైల్ తెరిచి చివరి వరుసలు చదవండి. ఏ ఫైల్ దగ్గర ఆగిందో అక్కడ పేరు ఉంటుంది. ఆ ఫైల్ మాడ్‌లో లేకపోతే డౌన్‌లోడ్ సగంలో తెగి ఉండవచ్చు.

మాడ్ కొత్త వెర్షన్ వేశాక సేవ్ తెరుచుకోదు: పరీక్ష మధ్యలో అప్‌డేట్ చేయకూడదు. స్టీమ్ వర్క్‌షాప్ నుంచి తీసుకున్నది తనంతట తానే మారిపోవచ్చు, అందుకే పరీక్షకు నేను విడిగా దింపుకున్న ఫైల్‌నే వాడతాను.

నేటివ్ కూడా తెరుచుకోవడం లేదు: మాడ్ ఫైళ్లు నేటివ్‌లో కలిసిపోయాయి. దాచుకున్న శుభ్రమైన కాపీ తెచ్చి పెట్టండి. టెన్షన్ పడాల్సిన పని లేదు, సేవ్‌లు డాక్యుమెంట్స్‌లో భద్రంగానే ఉంటాయి.

12. బ్యానర్‌లార్డ్ ఆడేవాళ్లకు

పద్ధతి అదే, సిద్ధం చేసుకోవడంలోనే తేడా. ఈ ఆట 2022 అక్టోబర్‌లో పూర్తిగా విడుదలయ్యాక కూడా అప్‌డేట్‌లు వస్తూనే ఉన్నాయి. ప్రతి అప్‌డేట్‌కూ ఏదో ఒక మాడ్ ఆగిపోతుంది. ముందు మాడ్ ఏ వెర్షన్‌కు చేశారో చూసి, స్టీమ్‌లో ఆట ప్రాపర్టీస్ తెరిచి బీటాస్ అన్నచోట ఆ వెర్షన్‌ను ఎంచుకోండి.

చాలా మాడ్‌లకు ముందుగా హార్మొనీ, బటర్‌లిబ్, యూఐ ఎక్స్‌టెండర్ ఈఎక్స్, మాడ్ కాన్ఫిగరేషన్ మెనూ అనే సహాయక మాడ్‌లు కావాలి. లాంచర్‌లో ఇవి ఈ వరుసలోనే, అసలు ఆట మాడ్యూళ్ల కన్నా పైన ఉండాలి. చేత్తో దింపుకున్న డీఎల్ఎల్ ఫైళ్లను (మాడ్ ప్రోగ్రామ్ ఉండే ఫైళ్లు) విండోస్ ఆపేస్తుంటుంది. ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ టిక్ పెట్టండి.

వార్‌హామర్ లోకం కావాలంటే ద ఓల్డ్ రెల్మ్స్, మిడిల్ ఎర్త్ కావాలంటే కింగ్‌డమ్స్ ఆఫ్ ఆర్డా. ఈ రెంటినీ ఒకేసారి ఆన్ చేసి ఆట తెరవకండి. ఒక్కోదాన్ని విడిగా టిక్ పెట్టి, ఒకటి పూర్తయ్యాక టిక్ తీసి, ఆటను ఒకసారి మామూలుగా తెరిచి మూసిన తర్వాతే రెండోది మొదలుపెట్టండి.